నెలకు తొమ్మిది మాత్రలు

అనంతపురం,
16 జూన్ 2024

మహేశ్వరక్కకు,

నిన్న బస్సు ఎక్కించేటప్పుడు అన్నీ చెప్పేశాననుకున్నాను. రూముకొచ్చి చూసుకుంటే సగం చెప్పనే లేదు. ఫోన్ చేద్దామంటే అది ఓబిలేష్ బావ ఫోను, బావ జేబు, బావ స్పీకరు. నువ్వు "ఊ", "సరే" తప్ప మూడో మాట అనవు. అందుకే రాస్తున్నాను. మందుల షాపులో కౌంటరు వెనక నిలబడి మూడేళ్లుగా ఊరందరికీ చెబుతున్నాను, సొంత అక్కకు చెప్పలేనా?

పన్నెండేళ్లుగా నువ్వు పడుతున్నదానికి పేరుంది. మైగ్రేన్. పార్శ్వపు నొప్పి. దిష్టి కాదు, గాలి సోకడం కాదు, పని ఎగ్గొట్టడానికి వేసే వేషం అంతకన్నా కాదు. ఈ చివరి ముక్క బావకు వినపడేలా చదువు.

కవర్లో తొమ్మిది మాత్రలున్నాయి. సుమాట్రిప్టాన్ అంటారు. నెలంతటికీ అవే. కళ్ల ముందు ఆ మెరుపు గీతలు కదిలాక, నొప్పి మొదలవుతూనే ఒకటి వేసుకో. వాంతులయ్యేదాకా ఓర్చుకుని అప్పుడు వేసుకుంటే దండగ. తగ్గి మళ్లీ వస్తే రెండు గంటలు ఆగి ఇంకొకటి. మొదటిది బొత్తిగా పనిచేయకపోతే రెండోది ముట్టుకోవద్దు. రోజుకు రెండు, మూడోది లేదు. నెలలో తొమ్మిది రోజులు దాటి వేసుకుంటే మాత్రే నొప్పిని తెచ్చిపెడుతుందని డాక్టరమ్మ నీ ముందే చెప్పింది. నువ్వు గోడ మీద క్యాలెండరు చూస్తున్నావు.

ఇంకొకటి. చేలో ఉన్నా సరే మాత్ర నీ చేతికందాలి. ఇంట్లో దాచిపెట్టి సాయంత్రం వచ్చి వేసుకుంటానంటే కుదరదు. ఎప్పుడూ ఒంటి మీదే ఉంచుకో. నొప్పి వచ్చిన తేదీ, వేసుకున్న మాత్ర నాకు రాసి పంపు. డాక్టరమ్మ అడిగింది. ఉరవకొండ బడికి రోజూ ఇక్కడి నుంచి బస్సులో వచ్చే విజయభాస్కర్ సార్ మన తపాలా. ఆయన చొక్కా జేబులో డబ్బా పట్టదు కాబట్టి డబ్బా, అందులోని కాగితం తీసి పారేశాను. ఆ కాగితం మీద అక్షరాలు చీమ తలకాయంత, ఎలాగూ నువ్వు చదవవు.

ఓబమ్మ పెద్దమ్మ గుండె మాత్రలు సరిగ్గా వేసుకుంటోందా? స్టెంట్ వేసి రెండేళ్లయింది. ఇప్పుడు నాకేమైంది అని మానేసే రకం. అమ్మ పోయాక మనిద్దరినీ పెంచిన మనిషి, ఆమెకు వేరే పిల్లల్లేరు. మనం కాక ఇంకెవరు అడుగుతారు?

నీ మీద అరవడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండే
సుజాత


ఉరవకొండ,
1 జూలై 2024

సుజాతకు అక్క రాస్తున్నది.

నీ జాబు మూడుసార్లు చదివాను. ఇక్కడ ఒక వాన పడింది. వేరుశనగ వేశారు. మా కూలి గుంపుకు పని దొరికింది.

22న చేలో నొప్పి వచ్చింది. వస్తూనే ఒక మాత్ర వేసుకున్నాను. గంటలో దిగిపోయింది. పన్నెండేళ్లలో మొదటిసారి తలనొప్పి వచ్చిన రోజు సాయంత్రం దాకా పనిలో ఉన్నాను. నీకు సంతోషం కలుగుతుందని రాస్తున్నాను. నాకు మాత్రం ఏమీ అనిపించలేదు. నొప్పి ఉండే చోటు ఖాళీగా ఉంది, అంతే. 27న మళ్లీ వచ్చింది, ఒకటి వేసుకున్నాను.

మాత్ర వేసుకున్న కాసేపటికి మెడ, ఛాతీ పైభాగం బిగిసినట్టవుతోంది. తర్వాత పోతోంది. డాక్టరమ్మను అడిగి చెప్పు.

ఒంటి మీద ఉంచుకోమన్నావు. జాకెట్లో పెడితే చెమటకు తడిసిపోతోంది. వక్కాకు సంచిలో పెట్టుకున్నాను. పొద్దున నడుముకు దోపుకుంటే ఇంటికి వచ్చేదాకా నాతోనే ఉంటుంది. గుంపులో అందరికీ తెలుసు ఇప్పుడు. అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది పెద్దమ్మే. గుంపుకు పెద్ద కదా, నేను పడిపోయినప్పుడల్లా నా సాలులో కలుపు కూడా తనే తీసేది. "ఏమప్పా, ఒగ మాత్రకే లేసి కూసుంటివే! ఇన్నేండ్లు నిన్ను జూసి ఏడస్తా ఉంటినే, ఇంత బుడ్డ మాత్ర యాడ దాంకోనుండె?" అని అందరికీ చూపించింది.

గుండె మాత్రలు వేసుకుంటోంది. రాత్రిపూట నేను వెళ్లి అడిగి వస్తున్నాను. మార్కండేయ పెద్దనాయన బాగున్నాడు. బీపీ మాత్రలు మాత్రం మరిచిపోతాడు.

ఉంటాను.
మహేశ్వరి


అనంతపురం,
14 జూలై 2024

అక్కా,

ఏమీ అనిపించలేదట! నేను మాత్రం నీ జాబు పట్టుకుని షాపులో నవ్వుకుంటూ తిరిగాను. ఓనరు పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. నీ వంతు సంతోషం కూడా నేనే పడ్డాననుకో.

డాక్టరమ్మను అడిగాను. ఆ బిగుతు కొందరికి వస్తుందట, అరగంటలో పోతుందట, భయం లేదంది. పోకుండా ఉంటే మాత్రం వెంటనే ఆస్పత్రికి వెళ్లమంది. సెప్టెంబరులో ఎటూ నిన్ను చూపించాలి.

ఇంకో తొమ్మిది పంపుతున్నాను. వక్కాకు సంచి మంచి ఉపాయం. ఆ సంచి లేకుండా నువ్వు పెళ్లి పీటల మీద కూడా కూర్చోలేదు.

నీ చెల్లెలు
సుజాత


ఉరవకొండ,
30 జూలై 2024

సుజాతా,

మాత్రలు అయిపోయాయి. ఇంకా పదిహేను రోజులుంది. పంపగలవా?

తేదీలు అడిగావు. 17న ఒకటి. 21న ఒకటి. 26న రెండు, రెండు గంటలు ఆగే వేసుకున్నాను.

ఆ వాన తర్వాత మళ్లీ చుక్క లేదు. గాలి, ఎండ. కలుపు తీస్తుంటే నేల నుంచి వేడి ముఖానికి కొడుతుంది. తలనొప్పి లేని మనిషి గుంపులో లేదు. పెద్దమ్మ కూడా తల పట్టుకుని కూర్చుంటోంది. మధ్యాహ్నం వక్కాకు సంచి విప్పితే చేతులు మారుతూ పోతుంది. ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుంటారు. సంచి అడిగిన మనిషికి లేదనకూడదని పెద్దమ్మే కదా మనకు చిన్నప్పుడు నేర్పింది. నేను అనలేను.

ఇంకేమీ లేదు రాయడానికి.
మహేశ్వరి


అనంతపురం,
3 ఆగస్టు 2024

అక్కకు,

నేను బడిలో లెక్కల్లో తప్పేదాన్నేమో గానీ, పోయిన నెల మిగిలినవి వదిలేసినా, తొమ్మిదిలోంచి నాలుగు తీసేస్తే ఎంతో నాకూ తెలుసు. మిగతా అయిదు ఎక్కడికి పోయాయి? గాలికి ఎగిరాయా?

నాకు అబద్ధపు తేదీలు రాయొద్దు. నువ్వు రెండు వారాల్లో తొమ్మిదీ మింగేశావు. ఇలాంటి వాళ్లను రోజూ చూస్తాను. నొప్పి వస్తుందేమోనన్న భయానికే ఒకటి వేసుకుంటారు. చివరికి మాత్ర వేసుకుంటేనే నొప్పి, మానినా నొప్పి. నీ జాబులు చూస్తే నాకు భయమేస్తోంది. మనిషి మొద్దుబారిపోయినట్టు రాస్తున్నావు. అదంతా ఈ మాత్రల వల్లే.

ఈసారి అయిదే పంపుతున్నాను. ఈ నెలకు అంతే. నువ్వు తిట్టుకున్నా సరే.

నీకోసం ఎంత మంది బెంగపడుతున్నారో తెలుసా? మొన్న పెద్దమ్మ ఎవరిదో ఫోన్ తీసుకుని షాపుకు చేసింది. కౌంటరు ముందు పదిమంది. "ఆ తలకాయ నొప్పి మాత్ర మంచిదేనా పాపా? ఏమీ కాదు గదా?" అంది. నీ గురించే పాపం ఆమె కంగారు. "మంచిదే పెద్దమ్మా, డాక్టరిచ్చినదే, రోజుకు రెండు దాటకుంటే చాలు" అని చెప్పి పెట్టేశాను. ఆమె ధైర్యంగా ఉంటే నువ్వూ ధైర్యంగా ఉంటావని.

కోపంతోనే
సుజాత


ఉరవకొండ,
21 ఆగస్టు 2024

సుజాతకు,

నువ్వు రాసినట్టే అనుకో.

నేను తేదీలు అబద్ధం రాయలేదు. అంతకంటే ఎక్కువ చెప్పలేను. చెప్పొద్దన్నారు. వాదించడానికి ఓపిక కూడా లేదు.

పోయిన మంగళవారం నొప్పి వచ్చింది. సంచిలో చూస్తే ఒక్క మాత్ర కూడా లేదు. రెండు రోజులు చీకటి గదిలో ఉన్నాను. ఓబిలేష్ తలుపు దగ్గర నిలబడి "మళ్లా మొదులాయెనా?" అని వెళ్లిపోయాడు. పెద్దమ్మ పని మానుకుని వచ్చి తడి గుడ్డ వేసింది. "నా వల్లనే గదమ్మా నీకీ తిప్పలు" అని ఏడ్చింది. నేను కళ్లు మూసుకునే ఉన్నాను. ఆమె చెయ్యి నా నుదుటి మీద ఉన్నట్టు కూడా సరిగా తెలియలేదు.

వేరుశనగ చెట్లు మోకాలెత్తు కూడా లేవలేదు. ఊడలు దిగే వేళకు నేల రాయిలా ఉంది.

మహేశ్వరి


అనంతపురం,
24 ఆగస్టు 2024

అక్కా,

ఎవరు చెప్పొద్దన్నారు? ఏం చెప్పొద్దన్నారు? నాకు అర్థం కాలేదు.

డాక్టరమ్మ నన్ను బాగా చివాట్లు పెట్టింది. మాత్రలు కోసి తగ్గించడానికి నువ్వెవరంది. ఎక్కువ వేసుకుంటున్నట్టు అనుమానం ఉంటే మనిషిని తీసుకురా, నీ అంతట నువ్వు మార్చకు అంది. తప్పయింది. రెండు రోజులు నీ గదిలో చీకటి నా వల్లే. తొమ్మిదీ పంపుతున్నాను.

సెప్టెంబరు 10 మంగళవారం పొద్దున పదింటికి నీకు టైం తీసుకున్నాను. పెద్దమ్మను కూడా తోడు తెచ్చుకో. ఆమెకూ ఒకసారి గుండె చూపిద్దాం. తర్వాత ముగ్గురం బయట ఎక్కడైనా దోసెలు తిందాం. అక్కడ నీ నోట్లోంచి అంతా బయటికి లాగుతాను.

సుజాత


అనంతపురం,
25 సెప్టెంబరు 2024

అక్కా,

పెద్దమ్మ పదకొండో రోజు అయిపోయాక బస్సెక్కానే గానీ నిన్న షాపులో ఎవరో ముసలామె దగ్గుతూ వస్తే పెద్దమ్మే అనుకుని లేచాను. రోజుకు పదిసార్లు ఏడుస్తున్నాను. ఏడవడం నాకేమీ సిగ్గు కాదు.

ఒకటి రాయకుండా ఉండలేను. నువ్వు ఏడవలేదు.

చేలోంచి ఆస్పత్రికి, అక్కడి నుంచి ఆటోలో తెచ్చి గుమ్మం ముందు దించినప్పుడు ఏడవలేదట. నేను వచ్చాక ఏడవలేదు. పాడె లేపినప్పుడు పెద్దనాయన నేల మీద పడి దొర్లుతుంటే నువ్వు కట్టెలా నిలబడి ఉన్నావు. గుంపులో ఆడవాళ్లు గుసగుసలాడారు. "సాకిన తల్లి పోతే కంట్లో తడి గూడ రాల్యా" అని ఒకామె నాకు వినపడేలాగే అంది. నాకు నీ మీద కోపం వచ్చింది. ఇప్పుడూ ఉంది.

ఆ మాత్రలే నిన్నిలా చేశాయి. డాక్టరమ్మకు చెప్పి ఆపించేస్తాను. ఈ నెల పంపడం లేదు.

సుజాత


ఉరవకొండ,
6 అక్టోబరు 2024

సుజాతకు,

ఈ జాబు రాయడానికి నాలుగు రోజులు పట్టింది. కూర్చుంటే చెయ్యి నాది కానట్టుంది. ఎవరూ లేనప్పుడు చదువు.

మాత్రలు నేను ఎక్కువ వేసుకోలేదు. సగం పైన పెద్దమ్మ వేసుకుంది. గుంపులో ఇంకొందరు కూడా ఒకటీ అరా తీసుకున్నారు. వక్కాకు సంచి చేతులు మారేటప్పుడు వక్క తీసుకున్నట్టే మాత్రా తీసుకున్నారు. నేను చూశాను. లేదనలేదు. జూలై నుంచి పెద్దమ్మకు రోజు మార్చి రోజు తలనొప్పి. నీకు రాస్తానంటే వద్దంది. "పాపకు జెప్పొద్దు మే. పట్నంలో ఒగతే ఉండాది, నా తలకాయ నొప్పి గూడా అదే మొయ్యాల్నా?" అంది. నిన్ను ఫోన్లో అడిగానని, మంచిదే అన్నావని కూడా చెప్పింది. ఆ తర్వాత ఇక నాకూ అనుమానం రాలేదు.

ఆమె గుండె జబ్బు మనిషని నాకు తెలుసు. కానీ తల మాత్ర తలకు, గుండె మాత్ర గుండెకు అనుకున్నాను. ఒకదానికొకటి సంబంధం ఉంటుందని నాకు తోచలేదు.

సెప్టెంబరు 6, శుక్రవారం. పొద్దున చేలోకి దిగుతూనే తల పగిలిపోతోందని ఒకటి వేసుకుంది. మధ్యాహ్నం బువ్వ తిన్నాక ఇంకొకటి. రోజుకు రెండే అని నేనే చెప్పాను, ఆమె లెక్క తప్పలేదు. కాసేపటికి గట్టు మీద కూర్చుంది. "ఎద బిగుస్తాందే మహేశ్వరీ" అంది.

నేనేమన్నానో విను. "నాకూ అట్లే బిగుస్తాది పెద్దమ్మా. అరగంటకు పోతాది. ఏం భయం ల్యా" అన్నాను.

నువ్వు రాసిందే చెప్పాను. ఆమె నమ్మింది. "అట్లనా" అని తుమ్మచెట్టు కింద పడుకుంది. నేను పోయి నా సాలు పట్టుకున్నాను. అరగంట కలుపు తీశాను. ఆమె సాలు కూడా కొంత తీశాను. నీళ్లు తీసుకుని వెళ్లేసరికి కళ్లు తెరిచే ఉన్నాయి.

ఉరవకొండ ఆస్పత్రిలో, స్టెంట్ వేసిన మనిషా అని అడిగారు. అవునన్నాం. ఎండకు గుండె ఆగిందన్నారు. మాత్రల గురించి ఎవరూ అడగలేదు. నేను చెప్పలేదు. నెల రోజులుగా ఒక్కరికీ చెప్పలేదు.

ఏడవలేదన్నావు. నిజమే. రాలేదు. ఇప్పుడూ రావడం లేదు. అన్నం తింటున్నాను, పనికి పోతున్నాను, పెద్దనాయనకు రెండు పూటలా బువ్వ ఇచ్చి వస్తున్నాను. ఏదీ తగలడం లేదు. ఆయన "నువ్వుండావు గాబట్టి బతికినా బిడ్డా" అన్నప్పుడు కూడా ఏమీ తగల్లేదు.

అప్పటి నుంచి అయిదుసార్లు నొప్పి వచ్చింది. మాత్ర ముట్టలేదు. మిగిలినవి నాలుగు. తిరిగి పంపుతున్నాను. ఇక నాకు వద్దు.

మహేశ్వరి


అనంతపురం,
13 అక్టోబరు 2024

అక్కా,

విజయభాస్కర్ సార్ ముందే కవరు చింపాను. ఆయన ఏమైందని అడుగుతుండగానే రోడ్డు మీద నడుచుకుంటూ పోయాను.

నీకు నా మీద కోపం రావాలి. రాకపోతే ఈ జాబు చదివాకైనా తెచ్చుకో. నీకు తెలియని మూడు సంగతులు చెబుతాను.

నేను చెత్తబుట్టలో వేసిన కాగితం మీద పైనే ఉంటుంది, గుండె జబ్బున్నవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు ఈ మాత్ర వేసుకోకూడదని. వేరేవాళ్లకు ఇవ్వొద్దని కూడా ఉంటుంది. బిగుతు గురించి అడిగినప్పుడు డాక్టరమ్మ నాతో అన్న మాట, "మీ అక్క ఈసీజీ చూశాను, గుండె బాగుంది, కాబట్టి భయం లేదు." నీకు రాసేటప్పుడు నేను భయం లేదు అని మాత్రం రాశాను. ముందున్న మాట వదిలేశాను. రాయడానికి బద్ధకమో, తొందరో, నాకే గుర్తులేదు. ఇక ఫోన్లో పెద్దమ్మ అడిగింది తన గురించి. ఎవరికి పెద్దమ్మా అని ఒక్క మాట అడిగి ఉంటే చాలు. కౌంటరు ముందు తెలియని మనిషి వచ్చినా అడుగుతాను, ఎవరికి మాత్ర అని. ఆమెను అడగలేదు.

నిన్న వెళ్లి డాక్టరమ్మకు అంతా చెప్పాను. ఆ మాత్ర వల్లే పోయిందని చెప్పలేనంది, కాదని కూడా చెప్పలేనంది. ఆ తలనొప్పి అసలు మైగ్రేన్ అయి ఉండకపోవచ్చంది. బీపీ పెరిగి ఉండొచ్చు, ఒక్కసారి చూపించి ఉంటే తెలిసేదంది. బస్సు దిగి గంటలో తేలే పని. నాలుగు రోజుల తర్వాతకి నేను టైం తీసుకునే పెట్టాను కదక్కా.

ఏడవలేదని నిన్ను అన్నదానికి నన్ను చెప్పుతో కొట్టు.

ఇప్పుడు విను. మాత్ర మానేస్తే పెద్దమ్మ లేచి రాదు. అవి నీకోసం, నీ గుండె చూసి, నీ తల చూసి రాసినవి. నువ్వు నొప్పితో పడి ఉండటం ఎవరికీ శిక్ష కాదు, వట్టి నొప్పి. డబ్బాతో సహా పంపుతున్నాను, సార్ చేతి సంచిలో పెట్టుకుంటానన్నాడు. కాగితం లోపలే ఉంది, పెద్ద అక్షరాలతో నేను మళ్లీ రాశాను. డబ్బా మీద నీ పేరు రాశాను. మొద్దుబారిన సంగతి కూడా డాక్టరమ్మకు చెప్పాను. అది మాత్ర వల్ల కాదు, ఇంత జరిగినదాని వల్ల కావచ్చు, దానికీ సాయం ఉంది, తీసుకురా అంది.

గుంపులో మాత్ర వేసుకున్న వాళ్లందరికీ చెప్పాలి. పెద్దనాయనకు చెప్పాలి. నేను వచ్చి చెప్పనా, నువ్వు చెబుతావా? నువ్వు చెప్పలేకపోతే నేను తప్పు పట్టను.

సుజాత


ఉరవకొండ,
27 అక్టోబరు 2024

సుజాతకు,

నీ జాబు చదివాను. కోపం తెచ్చుకోమన్నావు. ప్రయత్నించాను. రాలేదు. వచ్చినప్పుడు రాస్తాను.

20న నొప్పి వచ్చింది. మాత్ర చేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఓబిలేష్ నీళ్లు తెచ్చి పక్కన పెట్టాడు. వేసుకున్నాను. తగ్గింది.

గుంపుకు చెప్పాను. కాయలు వలిచే చోట అందరూ కూర్చున్నప్పుడు లేచి చెప్పాను. త్రివేణి "నేనూ రొండు మింగినా, నాకేం గాలేదే" అంది. కాసేపటికి మళ్లీ వచ్చి, వాళ్లాయనకు పోయినేడు పక్షవాతం వచ్చింది కదా, ఆయనకూ ఒకటి దాచి పెట్టానని చెప్పింది. పోయి తీసుకురమ్మన్నాను. తెచ్చి నా చేతిలో పెట్టింది. మర్నాటి నుంచి ఇద్దరు నా పక్క సాలు పట్టడం లేదు. పట్టకపోతే ఏం.

పెద్దనాయనకు ఈ సాయంత్రం చెప్పాను.

ఆయన గడప మీద కూర్చుని ఉన్నాడు. నేను కింద కూర్చున్నాను. మొదటి నుంచి అంతా చెప్పాను. మాత్రలు ఎవరివో, ఆమె ఎన్ని వేసుకుందో, ఎద బిగుస్తోందంటే నేనేమన్నానో, అరగంట నేను ఎక్కడున్నానో. నువ్వు రాసింది కూడా చెప్పాను. నన్ను కొడతాడనుకున్నాను. కొట్టాలనే చెప్పానేమో. ఆయన వీధిలోకి చూస్తూ విన్నాడు. చివరికి ఒకటే అడిగాడు.

"ఇంగా ఉండాయా ఆ మాత్రలు?"

ఉన్నాయన్నాను. ఎందుకన్నాను.

"తల నొస్తాంది బిడ్డా. ఆయమ్మ పోయినకాడి నుంచి నొస్తానే ఉండాది. ఒగటియ్యి."

తలనొప్పికే అడిగాడో, ఇంకెందుకైనా అడిగాడో నాకు తెలియలేదు. ముఖంలో ఏమీ కనపడలేదు. నా ముఖం కూడా జనానికి ఇన్నాళ్లూ ఇలాగే కనపడి ఉంటుంది.

"ఇది నీది గాదు పెద్దనాయనా. నీకు బీపీ ఉండాది. పొద్దున్నే ఆస్పత్రికి పోదాం" అన్నాను.

"ఆయమ్మకిస్తివి గదా. నాకియ్యవా?" అన్నాడు.

ఇయ్యను అన్నాను. మళ్లీ అడిగాడు. ఇయ్యనన్నాను. చిన్నప్పటి నుంచి ఆ ఇంట్లో ఎవరికీ ఆ మాట అనలేదు. మూడోసారి అడగలేదు. లోపలికి వెళ్లి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఓబిలేష్‌కు కబురు పంపాను, ఈ రాత్రి ఇక్కడే ఉంటానని. తనూ వస్తానన్నాడు. ఆయన గూట్లో ఉన్న మందులన్నీ తీసి నా దగ్గర పెట్టుకున్నాను.

ఇప్పుడు ఆయన మంచం పక్కనే కూర్చుని రాస్తున్నాను. నిద్రపోవడం లేదు. చాలా రోజుల తర్వాత నాకు భయమేస్తోంది సుజాతా. ఈయన వింటుండగా ఫోన్లో చెప్పలేను, సార్ ఈ జాబు నీ చేతికిచ్చిన వెంటనే బస్సెక్కు. ఈయన్ను నేనొక్కదాన్ని కాయలేను.

నీ అక్క
మహేశ్వరి